తల్లి పేరిట ఒక ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. కట్టుకోగల శక్తి ఉన్నవారి కష్టాన్ని చెప్పిన మాట అది. అద్దె గదిని సైతం నిలుపుకోలేక, బిడ్డలను వెంటబెట్టుకొని బస్టాండులోనో, బంధువుల వసారాలోనో రాత్రులు గడిపే తల్లి సంగతి అందులో లేదు. ఆమెను గురించి ఆలోచించవలసిన బాధ్యత చదువుకొంటున్న మనపై ఉన్నదని మా విశ్వాసం.

మన అనంతపురం సీమలో సంవత్సరానికి కురిసే వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుండి ఇంత దూరం చేరేసరికి బలహీనపడతాయి. వేరుశనగ ఎండిన ఏడాది పల్లె కుటుంబాలు బెంగుళూరు దారి పడతాయి. అక్కడ పరుల మేడలకు ఇటుకలు మోసి, పని ముగిసిన నాడు తిరిగివచ్చే తల్లికి పల్లెలో ఇంటి కప్పు మిగలదు. పట్నంలో గదికి కట్టవలసిన అడ్వాన్సు చేతిలో ఉండదు.

ఇంటి విలువను గుర్తించినవారు లేకపోలేదు. 1969లో ఈ జిల్లాకు వచ్చిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెల్లో వేలాది పక్కా ఇళ్ళు కట్టించి, వాటిని స్త్రీల పేరిట ఇచ్చింది. 2020 డిసెంబరు 25న రాష్ట్ర ప్రభుత్వం ఆరంభించిన ఇళ్ళ పట్టాల పంపిణీ కూడా మహిళల పేరిటనే జరిగింది. ఇది సామాన్యమైన మార్పు కాదు. పట్టా తన పేర ఉన్న తల్లిని బిడ్డలతో సహా వీధిలోకి నెట్టడం అంత సులభం కాదు.

అయితే ఇటువంటి మేలు కాగితాలు ఉన్నవారికే ముందుగా అందుతుంది. పట్టాకు రేషను కార్డు కావాలి. కార్డుకు చిరునామా కావాలి. చిరునామాకు ఇల్లు కావాలి. ఇల్లే లేనివారు ఈ వలయంలో ఎక్కడ అడుగుపెట్టాలి? అద్దె గదితోనే అని మా సమాధానం. ముందు తలుపు గల ఒక గది, దానితో చిరునామా, ఆపై కార్డు, బిడ్డలకు బడి, ఆ పిమ్మట పట్టా. ఒక పూట అన్నం పెట్టి, దుప్పటి ఇచ్చి పంపడం పుణ్యకార్యమే. కాని మరునాటి రాత్రికి ఆమె మళ్ళీ బస్టాండుకే చేరుతుంది.

2005 నాటి గృహహింస చట్టం ప్రకారం, ఇల్లు తన పేర లేకున్నా, కాపురమున్న ఇంట నివసించే హక్కు భార్యకు ఉన్నది. వేరే వసతికి అద్దె చెల్లించమని భర్తను న్యాయస్థానం ఆదేశించవచ్చు. అర్జీ వ్రాయలేని తల్లికి ఈ హక్కు మూసి ఉన్న పుస్తకమే. ఇంట ఉర్దూ మాట్లాడి, కచేరీలో తెలుగు కాగితంపై వేలిముద్ర వేసే తల్లులు మన ఊళ్ళో ఎందరో! ఆమె భాషలో అడిగి తెలుసుకొని, తెలుగులో అర్జీ వ్రాయగల యువతీ యువకులు మన కళాశాలలోనే ఉన్నారు.

ఇది ప్రభుత్వం పని, కళాశాల పని కాదని కొందరనవచ్చు. ఇళ్ళు కట్టించడం ప్రభుత్వం పనే. కాని తరగతిలో మన పక్కన కూర్చునే విద్యార్థి హఠాత్తుగా రావడం మానివేస్తే, అతని ఇంటికి ఎవరో తాళం వేశారని మొదట తెలుసుకోగలిగేది మనమే.

కావున కమిటీ పెద్దలకు మా విన్నపాలు రెండు. వారానికొక సాయంత్రం అర్జీలు వ్రాసిపెట్టేందుకు ఒక గది, ఒక బల్ల కేటాయించండి. అద్దె అడ్వాన్సు కోసం ఒక చిన్న నిధి ఏర్పరచి, అప్పుగా ఇచ్చి, వీలునుబట్టి వాయిదాలలో తిరిగి తీసుకోండి. పుచ్చుకొన్నవారి పేరు బయటపెట్టకండి. ఆదుకొనే చేయి తలవంపులు తేరాదు. పట్టభద్రులమై వెళ్ళే ముందు ఒక్క తల్లినైనా ఆమె పేరున్న ఇంటి గడప దాటించగలిగితే, మన చదువు సార్థకమైనట్లే.