మందు ముందా, బల్లి ముందా?

బరువు తగ్గించే ఇంజెక్షన్ గురించి ఇప్పుడు పెళ్లి భోజనాల దగ్గర కూడా మాట్లాడుకుంటున్నారు. ఎవరు వాడుతున్నారు, ఎన్ని కిలోలు తగ్గారు, నెలకు ఎంతవుతోంది అన్న ముచ్చట్లు అయ్యాక ఎవరో ఒకరు గొంతు తగ్గించి, “అది బల్లి విషంతో చేస్తారటగా?” అంటారు. విన్నవాళ్లలో కొందరు మొహం చిట్లిస్తారు, కొందరు నవ్వేస్తారు.

ఆ మాటలో నిజం సగమే. సెమాగ్లూటైడ్ అనే ఈ మందు మన పేగుల్లో తయారయ్యే జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను కాస్త మార్చి చేసింది. అందులో బల్లిది ఏమీ లేదు. కానీ ఆ హార్మోన్ చేసే పనిని మందుగా వాడుకోవచ్చని ముందుగా నిరూపించిన మందు మాత్రం నిజంగా ఒక బల్లి నుంచే వచ్చింది. దానికంటే ముందు ఒక చేప, ఒక ఎలుక, ఒక పంది కూడా ఉన్నాయి. ఈ జంతువుల వరుసను కాస్త వివరంగా చెప్పుకోవాలి. మన దేశం పరిశోధనకు డబ్బు ఎక్కడ పెడుతోందన్న ప్రశ్న చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతుంది.

చేపతో మొదలుపెడదాం. 1970ల చివర్లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో జోయెల్ హాబెనర్ అనే వైద్య పరిశోధకుడు గ్లూకగాన్ జన్యువు వెంట పడ్డాడు. గ్లూకగాన్ రక్తంలో చక్కెరను పెంచే హార్మోన్. అప్పట్లో అమెరికా ప్రభుత్వం జన్యువుల అతికింపు మీద 1976లో తెచ్చిన నిబంధనలు అమల్లో ఉన్నాయి. క్షీరదాల జన్యువులను బ్యాక్టీరియాలోకి ఎక్కించాలంటే సవాలక్ష ఆంక్షలు. చేపల విషయంలో అంత ఇబ్బంది లేదు. పైగా ఆ తీరంలో దొరికే యాంగ్లర్‌ఫిష్‌లో ఇంకో సౌలభ్యం ఉంది. మనకు ఇన్సులిన్, గ్లూకగాన్ తయారుచేసే కణాలు క్లోమమంతా అక్కడక్కడా చెదిరి ఉంటాయి. ఆ చేపలో అవన్నీ ఒకేచోట విడి అవయవంగా ముద్దకట్టి ఉంటాయి. కోసి తీసుకుంటే చాలు. చాలా సమస్యలకు వాటిని శోధించడానికి అన్నిటికంటే అనువైన జంతువు ఒకటి ఎక్కడో ఉంటుందని డెన్మార్క్ శరీరధర్మ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ 1929లోనే అన్నాడు. హాబెనర్‌కు ఆ జంతువు చేపల రేవులో దొరికింది.

1982లో ఆ జన్యువును చదివి చూస్తే గ్లూకగాన్ పక్కనే దాన్ని పోలిన మరో చిన్న ప్రొటీన్‌కు కూడా సూత్రం రాసి ఉంది. దాన్ని ఎవరూ వెతకలేదు, అది ఉంటుందని ఎవరూ అనుకోలేదు. మరుసటి ఏడాది క్షీరదాల జన్యువులోనూ అలాంటివి కనిపించాయి. జీఎల్‌పీ-1 అన్న పేరు అలా వచ్చింది.

పేరైతే వచ్చింది కానీ అది ఏం చేస్తుందో తేలాలి. అదే ఆస్పత్రిలో పెప్టైడ్‌లు అనే చిన్న ప్రొటీన్ ముక్కలు తయారుచేసే విభాగాన్ని నడిపిన రసాయన శాస్త్రవేత్త స్వెత్లానా మొయ్‌సోవ్ ఆ ప్రొటీన్‌లో ఏ ముక్క నిజంగా పనిచేస్తుందో ఊహించింది. ఆ ముక్కను తన చేత్తో తయారుచేసింది, దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలనూ తయారుచేసింది. ఎలుక క్లోమంలోకి దాన్ని పంపితే ఇన్సులిన్ ఉబికి వచ్చింది. అది 1987. అదే ఏడాది కోపెన్‌హాగెన్‌లో యెన్స్ యూల్ హోల్స్ట్ బృందం పంది క్లోమంలో అదే సంగతి విడిగా కనిపెట్టింది. ఈ హార్మోన్‌లోని గొప్పతనం ఏమిటంటే, రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడే ఇన్సులిన్‌ను ఉసిగొల్పుతుంది, తక్కువగా ఉంటే ఊరుకుంటుంది. మధుమేహానికి ఇంతకంటే మంచి మందు ఎక్కడ దొరుకుతుంది?

దొరికినట్టే దొరికి జారిపోయింది. శరీరంలో జీఎల్‌పీ-1 ఆయుష్షు ఒకటి రెండు నిమిషాలే. డీపీపీ-4 అనే ఎంజైమ్ దాన్ని వెంటనే తుంచేస్తుంది. అయినా ఒక పెద్ద కంపెనీ చెయ్యి వేసింది. 1980ల చివర్లో ఫైజర్ ఈ హార్మోన్‌ను మందుగా చేసే పనిలో డబ్బు పెట్టింది. 1990 ప్రాంతంలో ఆ పని ఆపేసింది. ఇన్సులిన్ కాకుండా ఇంకో ఇంజెక్షన్‌ను మధుమేహ రోగులు తీసుకోరని కంపెనీ పెద్దలు అనుకున్నారని ఆ పనిలో పాల్గొన్న శాస్త్రవేత్త జెఫ్రీ ఫ్లయర్ తరవాత రాశాడు. మార్కెట్ తెలిసినవాళ్లు మార్కెట్ గురించే తప్పు లెక్క వేశారు. ఆ లెక్క ఖరీదు ఎంతో ఈ రోజు ఆ కంపెనీకి బాగా తెలుసు.

ఇక బల్లి. న్యూయార్క్‌లో మాజీ సైనికుల కోసం ప్రభుత్వం నడిపే బ్రాంక్స్ ఆస్పత్రిలో జాన్ ఎంగ్ అనే డాక్టర్ ఉండేవాడు. హార్మోన్లను అతి సూక్ష్మ పరిమాణంలో కొలిచే పద్ధతికి 1977లో నోబెల్ అందుకున్న రోసలిన్ యాలో దగ్గర పని నేర్చుకున్నాడు. అంతవరకూ ఎవరికీ తెలియని హార్మోన్లను పట్టుకోవడానికి అతను ఒక రసాయన పరీక్ష తయారుచేసుకున్నాడు. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలయ్యే పెప్టైడ్‌లను అది పట్టిస్తుంది. కొన్ని ముఖ్యమైన హార్మోన్లు దానితోనే మొదలవుతాయి. పరీక్ష చేతికొచ్చాక దేనిమీద పెట్టాలా అని చూశాడు. కొన్ని విషపు బల్లుల విషం జంతువుల క్లోమాన్ని ప్రేరేపిస్తుందని అంతకుముందే తెలుసు. ఆరిజోనా ఎడారిలో బతికే గీలా మాన్‌స్టర్ విషాన్ని పరీక్షించాడు. ఏడాదిలో కొన్నిసార్లు మాత్రమే, అదీ ఒక్కోసారి కడుపు పగిలేలా తినే జంతువు అది. దాని విషంలో 39 అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఒకటి దొరికింది. 1992లో దాన్ని ఎక్సెండిన్-4 పేరుతో ప్రకటించాడు.

అది సగానికి పైగా మన జీఎల్‌పీ-1 లాగే ఉంది. దండలోని పూసల్లా అమైనో ఆమ్లాలను వరుసగా పేర్చి చూస్తే, ఎంజైమ్ తుంచేది సరిగ్గా రెండో పూస దగ్గర. మన హార్మోన్‌లో ఆ స్థానంలో అలనిన్ ఉంటుంది. బల్లి పెప్టైడ్‌లో గ్లైసిన్ ఉంది. ఆ ఒక్క తేడాతో డీపీపీ-4 దాన్ని పట్టుకోలేకపోతుంది. నిమిషాలు కాస్తా గంటలయ్యాయి.

పేటెంట్ తీసుకోమని ఎంగ్ తన ఆస్పత్రిని నడిపే ప్రభుత్వ శాఖను అడిగాడు. ఇది ప్రత్యేకించి మాజీ సైనికులకు పనికొచ్చేది కాదని వాళ్లు పక్కన పెట్టారు. తన డబ్బు పెట్టి తనే పేటెంట్ తీసుకున్నాడు. ఎవరు కొంటారా అని ఏళ్లు తిరిగాడు. 1996లో ఆమిలిన్ అనే చిన్న కంపెనీ దానికి లైసెన్సు తీసుకుంది. ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన ఆ పెప్టైడ్ 2005 ఏప్రిల్‌లో ఎక్సెనటైడ్ పేరుతో మధుమేహానికి మందైంది. రోజుకు రెండు ఇంజెక్షన్లు. రోగులు తీసుకున్నారు.

ఆ తరవాతి కథ వేగంగా సాగింది. డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌లో లోట్టే బ్యెర్రే క్నుడ్‌సెన్ బృందం మానవ హార్మోన్‌నే తీసుకుని దానికి కొవ్వు ఆమ్లపు తోక తగిలించింది. ఆ తోక రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని వేలాడుతుంది, హార్మోన్ త్వరగా బయటికి పోదు. తుంచుడుకు గురయ్యే ఆ రెండో స్థానాన్ని సెమాగ్లూటైడ్‌లో వేరే పద్ధతిలో కాపాడారు. ఫలితంగా వారానికి ఒక్క ఇంజెక్షన్ చాలు. 2017లో అది మధుమేహానికి వచ్చింది. 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గిస్తుందని 2021లో తేలింది. ఆపేస్తే తగ్గిన బరువులో చాలావరకు తిరిగి వస్తుందని కూడా ఆ తరవాత తేలింది. దాని మంచిచెడ్డలు డాక్టర్లు చెప్పాల్సినవి, నేను అక్కడికి పోను.

నా పట్టు వేరే చోట ఉంది. చేప జన్యువు నుంచి బరువు ఇంజెక్షన్ దాకా దాదాపు నలభై ఏళ్లు. ఇందులో తొలి ఏళ్లలో ఏ సంవత్సరమైనా తీసుకుని, “దీనివల్ల మూడేళ్లలో ఏం వస్తుంది?” అని అడిగితే నిజాయితీగా చెప్పగలిగిన జవాబు ఒక్కటే, తెలియదని.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. మందిచ్చిన బల్లి గురించి చెబుతున్నావు, ఏమీ ఇవ్వని వంద బల్లుల సంగతేమిటి? న్యాయమైన ప్రశ్నే. విచిత్రమైన జంతువును చూసిన ప్రతివాడికీ నిధి దొరకదు, చాలామందికి దొరకలేదు కూడా. కానీ ఈ కథలో ఎవరూ గాలిలో రాయి వేయలేదు. హాబెనర్ చేపను కారణంతో ఎంచుకున్నాడు. ఎంగ్ చేతిలో పదునైన పరీక్ష ఉంది. మొయ్‌సోవ్ చేతిలో ఏళ్ల తరబడి నేర్చిన పెప్టైడ్ రసాయనం ఉంది. నైపుణ్యం, సాధనం, సమయం ఈ మూడూ ఒకచోట చేరితే వంద బల్లుల్లో ఒకటి పలుకుతుంది. ఆ ఒకటి ఏదో ముందే తెలిస్తే ప్రభుత్వంతో పనిలేదు, కంపెనీలే పెట్టుబడి పెట్టేవి. తెలియదు కాబట్టే ప్రజల డబ్బు కావాలి.

ఇప్పుడు మన సంగతి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైనే. మన దేశంలో సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు 2026 మార్చి వరకే. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్‌తో సహా అనేక మన కంపెనీలు దీని జనరిక్ కోసం ఆ గడువుకు చాలా ముందునుంచే సిద్ధపడ్డాయి. ఇది తక్కువ పనేం కాదు. సంక్లిష్టమైన పెప్టైడ్‌ను పెద్దఎత్తున, నాణ్యంగా, చవకగా తయారుచేయడం గొప్ప విద్యే, దానివల్ల సామాన్యుడికి మందు అందుతుంది. కాకపోతే ఆ నలభై ఏళ్ల వరుసలో మనం నిలబడ్డది చిట్టచివరి మెట్టు మీద.

మొదటి మెట్లకు చేరడానికి ఏం చేస్తున్నాం? పరిశోధనకు మన దేశం పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గర ఆగిపోయింది. చైనా ఖర్చు రెండు శాతం దాటి చాలాకాలమైంది. 2025లో కేంద్రం లక్ష కోట్లతో పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల నిధిని ప్రకటించింది. సంతోషమే. కానీ అది ప్రధానంగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో వడ్డీ లేకుండానో ఇచ్చే దీర్ఘకాలిక రుణాల కోసం. పైగా సాంకేతిక సంసిద్ధతలో నాలుగో స్థాయికి చేరిన పనులకే. అంటే ప్రయోగశాలలో నమూనా పనిచేసి చూపించాకే. జాన్ ఎంగ్ ఆ నిధికి దరఖాస్తు పెడితే గుమస్తా స్థాయిలోనే తిరిగొస్తుంది. మౌలిక పరిశోధనకు దిక్కు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. దానికి అయిదేళ్లకు 50,000 కోట్లన్నారు, అందులో ప్రభుత్వానిది 14,000 కోట్లే. మిగతా 36,000 కోట్లు పరిశ్రమలు, దాతల నుంచి రావాలట.

మనవాళ్ల వల్ల కాదని ఎవరైనా అంటే వాళ్లకు హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థను చూపించండి. లాల్జీ సింగ్ అనే శాస్త్రవేత్త బనారస్‌లో విద్యార్థిగా ఉన్నప్పటి నుంచి పాముల క్రోమోజోములు చూసేవాడు. పాముల్లో ఆడదానికి విడిగా ఉండే లైంగిక క్రోమోజోమ్‌లో ఏముంది అన్నది అతని ప్రశ్న. ఎడిన్‌బరోలో సహచరులతో కలిసి పసుపు, నలుపు పట్టీల కట్లపాములో మళ్లీ మళ్లీ వచ్చే ఒక డీఎన్‌ఏ వరుసను పట్టుకుని 1980లో ప్రకటించాడు. అలాంటి వరుసలు మనిషిలోనూ ఉన్నాయి, మనిషికీ మనిషికీ తేడాతో ఉన్నాయి. 1980ల చివర్లో సీసీఎంబీలో దాన్నే ఆధారం చేసుకుని దేశవాళీ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ తయారైంది. కేరళలో తండ్రి ఎవరన్న వివాదం నుంచి రాజీవ్ గాంధీ హత్య కేసు దాకా కోర్టుల్లో నిలబడింది. పాము ఆడదా మగదా అని చూసే పనికి నిధులెందుకని ఎవరో ఒక అధికారి అడ్డుపడి ఉంటే, ఆ పరీక్ష కోసం మనం ఇంకొన్నాళ్లు విదేశాల వైపు చూసేవాళ్లం.

కాబట్టి అడగాల్సినవి గాలి మాటలు కావు. మన దగ్గర ప్రాజెక్టు అంటే మామూలుగా మూడేళ్లు. ఎంపిక చేసిన కొద్దిమందికైనా పదేళ్ల గ్రాంటు ఇవ్వాలి. మధ్యలో ఫలితం అడగకూడదు, పని నాణ్యత మాత్రం అడగాలి. రెండోది, పరిశోధక విద్యార్థుల ఫెలోషిప్ నెలనెలా పడాలి. జూనియర్ ఫెలోకు 37,000 రూపాయలని కాగితం మీద రాసి నెలల తరబడి ఆపితే, అతను ఎలుకల గది వదిలి సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు పోతాడు. మూడోది, పని చేసిన చేతులకు పేరు ఇవ్వాలి. జీఎల్‌పీ-1 తొలి పేటెంట్లలో మొయ్‌సోవ్ పేరే లేదు. ఆమె పోరాడితే తరవాత నాలుగింటిలో చేర్చారు. 2024లో హాబెనర్, క్నుడ్‌సెన్‌లతో పాటు లాస్కర్ పురస్కారం అందుకునేసరికి ఆమె వయసు డెబ్భై దాటింది. మన ల్యాబుల్లో అలాంటి పేర్లు ఎన్ని మరుగున ఉన్నాయో లెక్క తీసినవాళ్లు లేరు. ప్రయోగాల్లో ప్రాణాలిచ్చే జంతువుల విషయంలోనూ మనకు బాధ్యత ఉంది. అరకొర డబ్బుతో సగంలో ఆగిపోయే ప్రయోగంలో ఎలుక చావుకు అర్థమే లేదు.

చివరిది డబ్బు. ఆ 36,000 కోట్లు ఎక్కడి నుంచి వస్తాయని ఢిల్లీలో తల పట్టుకోనక్కర్లేదు. ప్రజల డబ్బుతో బోస్టన్‌లో, బ్రాంక్స్‌లో పుట్టిన విజ్ఞానం మీద మన జనరిక్ కంపెనీలు ఈ ఇంజెక్షన్‌తో లాభాలు చూడబోతున్నాయి. ఆ లాభంలో ఒక వాటా ఫౌండేషన్‌కు ఇవ్వమని అడగడం దబాయింపు కాదు, వాడుకున్నదానికి బాకీ తీర్చమనడమే. ఒక్కటే షరతు. డబ్బు కంపెనీలది, ప్రశ్న శాస్త్రవేత్తది. ఏ జంతువును చూడాలో కంపెనీలను చెప్పనివ్వకూడదు. 1990 ప్రాంతంలో ఫైజర్‌కు ఆ అవకాశం వచ్చినప్పుడు ఏం చేసిందో చూశాం.