ఖాకీ మేడకు మెట్లెన్ని?

చిన్నప్పటి చీటీలాట గుర్తుందా? రాజు, రాణి, మంత్రి, పోలీసు, దొంగ అని రాసి మడిచి పడేస్తే, ఎవరి చేతికి వచ్చిన చీటీయే వారి హోదా. పరీక్షల్లేవు, ప్రమోషన్లూ లేవు. ఇప్పటి ఆట అలా కాదు. 2013లో వచ్చిన గ్రాండ్ తెఫ్ట్ ఆటో 5 గేమ్‌ని ఫైవ్‌ఎమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆడేవాళ్లు ఒకే ఊరివాళ్లలా తలా ఒక పాత్ర వేస్తారు. అక్కడ పోలీసు కావాలంటే దరఖాస్తు పెట్టాలి, శిక్షణ తీసుకోవాలి. క్యాడెట్‌గా చేరి ఆఫీసర్, సార్జెంట్, లెఫ్టినెంట్, కెప్టెన్ అంటూ చీఫ్ దాకా ఎక్కొచ్చు. బాగా ఆడితే వారాల్లోనే ప్రమోషన్!

ఆ ఆటలోని లాస్ శాంటోస్ నగరం లాస్ ఏంజెలెస్‌కు నకలు. అందుకే హోదాలూ అమెరికావే. అక్కడి మేడకు ఉన్నది ఒకటే గుమ్మం. చీఫ్ అయినవారు కూడా సాధారణంగా కింది మెట్టు మీదే మొదలుపెట్టి ఉంటారు. మరి మన ఆదోని టూటౌన్‌లోనో, ఎమ్మిగనూరు టౌన్ స్టేషన్‌లోనో? ఇక్కడ గుమ్మాలు నాలుగు!

ఎవరి దారి వారిదే

ఇంటర్ చదివినవారికి కానిస్టేబుల్ గుమ్మం. డిగ్రీ ఉంటే ఎస్సై గుమ్మం. ఈ రెండింటికీ పరీక్షలు పెట్టేది రాష్ట్ర పోలీసు నియామక మండలి. రాతపరీక్ష ఒక్కటే చాలదు, 1600 మీటర్లు పరుగెత్తాలి కూడా. మూడోది గ్రూప్-1. అందులో నెగ్గితే నేరుగా డీఎస్పీ. నాలుగోది సివిల్ సర్వీసెస్. హైదరాబాద్‌లోని సర్దార్ పటేల్ అకాడమీలో శిక్షణ పొంది, ఏఎస్పీగా మొదలుపెట్టే ఐపీఎస్‌లది ఆ దారి.

ఇరవై అయిదేళ్ల ఏఎస్పీ జీపు దిగితే, యాభై దాటిన ఏఎస్సై సెల్యూట్ కొట్టే దృశ్యం వెనక ఉన్న లెక్క ఇదే. తేడా వయసులో లేదు, అనుభవంలోనూ లేదు. ఎవరు ఏ గుమ్మంలోంచి వచ్చారన్నదే తేడా.

భుజం చూస్తే చాలు

హోదా తెలుసుకోవాలంటే అడగక్కర్లేదు. చేతి మీద మూడు పట్టీలుంటే హెడ్ కానిస్టేబుల్. భుజం మీద ఎరుపు, నీలం రిబ్బన్‌తో ఒక నక్షత్రం ఏఎస్సై, రెండు ఎస్సై, మూడు సీఐ. అవే మూడు నక్షత్రాలు రిబ్బన్ లేకుండా ఉంటే డీఎస్పీ. నాలుగు సింహాల చిహ్నం ఒక్కటే ఉంటే అదనపు ఎస్పీ, దానికో నక్షత్రం తోడైతే ఎస్పీ. సింహాలతో మూడు నక్షత్రాలు డీఐజీవి. కత్తి, లాఠీ అడ్డంగా పెట్టిన గుర్తు కనిపించిందంటే ఐజీ, ఆపై స్థాయి అన్నమాట.

దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవానికి వెళితే ఈ వరస దాదాపు అంతా ఒకేచోట కనిపిస్తుంది. కర్రల సమరంలో తలలు పగలకుండా చూసేందుకు కానిస్టేబుల్ నుంచి ఎస్పీ దాకా గట్టు దగ్గరే కాపలా!

తెల్లదొరల మేడ

తమ దేశంలో కానిస్టేబుల్ మెట్టు నుంచే ఎక్కించే ఆనవాయితీ ఉన్న బ్రిటిషువాళ్లు, మన దగ్గర మాత్రం మేడను అంతస్తులుగా విడగొట్టారు. 1902-03 నాటి ఫ్రేజర్ కమిషన్ చదువుకున్నవారిని నేరుగా ఎస్సైలుగా తీసుకోమంది, భారతీయుల కోసం డీఎస్పీ పోస్టులు పెట్టమంది. అప్పటికి ఆదోని మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లాలో ఒక తాలూకా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది. జిల్లా మారింది, రాష్ట్రం మారింది. పోలీసు అంతస్తులు మాత్రం చెక్కుచెదరలేదు.

కానలేక కరవొస్తే సుగ్గికి వెళ్లే పల్లెలున్న ప్రాంతమిది. ఇలాంటి చోట ఇంట్లో ఒకరికి కానిస్టేబుల్ ఉద్యోగం వస్తే, మూటాముల్లె సర్దుకునే బాధ తప్పుతుంది. కానీ ఆ తరవాతి మెట్టే కష్టం. పై పోస్టు ఖాళీ అవ్వాలి, సీనియారిటీ కలిసిరావాలి. కానిస్టేబుల్‌గా చేరినవారిలో చాలామంది హెడ్ కానిస్టేబుల్‌గానో, ఏఎస్సైగానో రిటైరవుతారు. అందుకే డ్యూటీ దిగాక పుస్తకం పట్టే కుర్రాళ్లుంటారు. అర్హత ఉంటే ఉద్యోగం చేస్తూనే ఎస్సై, గ్రూప్-1 పరీక్షలు రాయొచ్చు మరి. పక్క గుమ్మంలోంచి మళ్లీ లోపలికి రావడమన్నమాట! డీఎస్పీగా చేరినవారికీ పైకి దారుంది. ఐపీఎస్ పోస్టుల్లో మూడో వంతుకు మించకుండా రాష్ట్ర అధికారుల పదోన్నతికే కేటాయిస్తారు.

మనకేం పని?

ఈ మెట్ల లెక్క ఫిర్యాదుదారుడికీ తెలియాలి. 'ఎస్సై గారు లేరు, రేపు రాపో' అన్నారనుకోండి. స్టేషన్ అధికారి లేనప్పుడు అక్కడున్నవారిలో కానిస్టేబుల్‌కు పైహోదా గల తరవాతి ఉద్యోగే ఇన్‌ఛార్జి అని చట్టం చెబుతోంది. అంటే హెడ్ కానిస్టేబుల్ కూడా ఎఫ్ఐఆర్ నమోదు చేయొచ్చు. కాదంటే? 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల కేసుల్లోనైతే దర్యాప్తు చేసేది డీఎస్పీకి తగ్గని అధికారే అయ్యుండాలి.

కాబట్టి ఈసారి స్టేషన్‌కి వెళ్లినప్పుడు భయంతో తల దించుకోకండి. తలెత్తి ఎదుటివారి భుజం చూడండి, ఎవరితో మాట్లాడాలో అదే చెబుతుంది!