నలభై ఏండ్ల మరమ్మతు

పెద్ద కర్మాగారాలను, భారీ యంత్రాలను గురించి ఈ శీర్షికలో పలుమార్లు ముచ్చటించుకున్నాము. ఈ పర్యాయం ఒక చిన్న షెడ్డును గురించి విన్నవించదలచాము. న్యూజిలాండు దేశపు దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్ అనే పట్టణం ఉన్నది. 1899లో జన్మించిన బర్ట్ మన్రో అక్కడ ఒకే ఒక మోటారు సైకిలును నాలుగు దశాబ్దాలకు పైగా విప్పుతూ, బిగిస్తూ, దాని భాగాలను స్వహస్తాలతో తయారుచేస్తూ గడిపారు.

ఆ బండి పేరు 'ఇండియన్ స్కౌట్'. పేరు చూసి మన దేశపు సరుకని భ్రమపడనక్కరలేదు. అమెరికా తయారీ, 1920 నాటి నమూనా. ఇంజను 600 సీసీ. కొత్తలో దాని గరిష్ఠ వేగం గంటకు సుమారు 88 కిలోమీటర్లు. మన్రో దానికి మార్పులు చేయడం 1926లో ఆరంభించారు. పగలు మోటారు సైకిళ్ల అమ్మకం ఉద్యోగం, రాత్రి షెడ్డులో పని. ఆయన ధనవంతుడు కాదు. కావలసిన భాగాలను కొనే స్తోమతు లేక వాటిని తానే తయారుచేసుకున్నారు.

ఆ తయారీ విధానం మన ఫౌండ్రీలోను, మెషిన్ షాపులోను పనిచేసే మిత్రులకు ప్రత్యేకించి రుచిస్తుందని మా నమ్మకం. పాత డబ్బాలే ఆయనకు పోత అచ్చులు. పిస్టన్లు, సిలిండర్లు, ఫ్లైవీలు అన్నీ ఇంటి పనే. కనెక్టింగ్ రాడ్లను కాటర్‌పిల్లర్ ట్రాక్టరు ఇరుసు నుండి చెక్కి తీశారు. మైక్రోమీటరు స్థానంలో ఒక పాత చక్రపు పుల్లను వాడారు. పుల్ల అంకెలు చెప్పదు. ఈ భాగం ఆ భాగంతో సరిపోతున్నదా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. ఇన్‌సైడ్ కాలిపరును వేళ్ల స్పర్శతోనే చదవగలిగిన పాత తరం ఫిట్టర్లను ఎరిగినవారికి ఇది అతిశయోక్తిగా తోచదు.

పిస్టను సంగతినే తీసుకుందాము. వేడికి పోత ఇనుము కన్న అల్యూమినియం సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కనుక ఇంజను చల్లగా ఉన్నపుడు పిస్టనుకు, ఇనుప సిలిండరు గోడకు నడుమ ఎంత సందు విడవాలన్నదే అసలు ప్రశ్న. సందు తక్కువైతే వేడెక్కగానే పిస్టను పట్టేసుకుంటుంది. ఎక్కువైతే పేలుడు వాయువులు ప్రక్క నుండి జారిపోయి బలం తగ్గుతుంది. కర్మాగారంలోనైతే ఈ లెక్కను డిజైను విభాగం చూస్తుంది, కొలతను తనిఖీ విభాగం చూస్తుంది. షెడ్డులో రెండు బాధ్యతలూ ఒక్కరివే. తప్పును పట్టిచ్చేది ఇంజనొక్కటే, అదీ విరిగి.

విరిగినవి కొల్లలు. వాటిని ఆయన పారవేయలేదు. షెడ్డులో ఒక అర మీద వరుసగా పేర్చి, వేగదేవతకు సమర్పించిన నైవేద్యాలని దాని మీద వ్రాసిపెట్టారు. పరిహాసంగా వ్రాసినదే కావచ్చు, కాని ఆ అరను మేము పరిహాసంగా చూడలేము. ఏ లోహం ఎక్కడ చిట్లినదో, ఏ పిస్టను ఏ వైపు కరిగినదో కంటి ముందు ఉన్నపుడే తరువాతి పోతలో మార్పు చేయడం సాధ్యం. మన విభాగాలలో విరిగిన భాగం సాయంత్రానికి స్క్రాపు యార్డు చేరుతుంది, కారణం మాత్రం నివేదికలో 'అరుగుదల' అని ఒక్క మాటగా మిగులుతుంది.

అసలు స్కౌట్ ఇంజనులో వాల్వులు సిలిండరు ప్రక్కన ఉండేవి. వాయువు మెలిక తిరిగి లోనికి పోవాలి, దహనపు గది వెడల్పుగా పరచుకొని ఉంటుంది, కంప్రెషను పెంచడానికి వీలుండదు. మన్రో వాల్వులను సిలిండరు తలపైకి మార్చారు. ఇంజను పరిమాణం కూడా క్రమంగా 850, 950 సీసీలకు పెరిగింది. ఇంత చేసినా గాలి ఊరుకోదు. బండి ఆకారం మారకుండా వేగం మాత్రం 88 నుండి 296 కిలోమీటర్లకు పెరగాలంటే, గాలిని చీల్చడానికి సుమారు 38 రెట్లు అధిక శక్తి కావాలి. అందుకే బండిని కప్పే పొడవాటి చేప ఆకారపు తొడుగును కూడా ఆయన నిర్మించుకున్నారు. లోపల బోర్లా పడుకొని నడపాలి.

ఈ దీక్షకు చెల్లించిన మూల్యాన్ని చెప్పకుండా పొగడ్త ఒక్కటే వ్రాయడం న్యాయం కాదు. ఆయనకు భార్య, నలుగురు బిడ్డలు. 1947లో విడాకులయ్యాయి. ఆ దశాబ్దం చివర ఉద్యోగం కూడా విడిచి షెడ్డులోనే కాపురం పెట్టారు. పనిమీద అనురాగం ఉండవలసినదే. ఇల్లు షెడ్డుగా మారేటంతగా ఉండాలా అన్నది కుటుంబీకులైన పాఠకులు తమలో తాము విచారించుకోవలసిన విషయం. మేమైతే ఆయన పనితనాన్ని ఆదర్శంగా చూపగలము, ఆయన కాపురాన్ని చూపలేము.

మరొక మాట. సైలెన్సరు కోసి వీధులలో హోరెత్తించే యువకులు కొందరు మన్రో పేరు చెప్పుకుంటారు. మన్రో తన పరుగుకు అమెరికాలో యూటా రాష్ట్రపు బోన్‌విల్ ఉప్పుమైదానాన్ని ఎంచుకున్నారు, నడివీధిని కాదు. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. మన్రో బండి వంటిది మన రోడ్డు ఎక్కజాలదు. అది సబబే.

ఆయన బోన్‌విల్‌లో మొదటి రికార్డు నెలకొల్పినది 1962లో, 63వ ఏట: గంటకు సుమారు 288 కిలోమీటర్లు. 1967లో 1000 సీసీ లోపు తరగతిలో వేగం 183.586 మైళ్లుగా నమోదైంది. అదే ఏడు ఒక పరుగులో బండి ఊగిసలాడగా, వేగం తగ్గించడానికి లేచి కూర్చున్నారు; గాలి ఉధృతికి కళ్లద్దాలు ఎగిరిపోయి ఏమీ కనిపించలేదట. బండి పడిపోయినా స్వల్ప గాయాలతో బయటపడ్డారు. 1978 జనవరి 6న కన్నుమూశారు. 2005లో ఆయన కథ చలనచిత్రంగా వచ్చింది. అందులో చూపిన వేగం నిజానికన్న ఎక్కువ.

నిజమైన అంకె కూడా ఒకచోట నిలవలేదు. ఇటువంటి రికార్డుకు ఎదురెదురు దిశలలో రెండు పరుగులు తీసి సగటు కట్టాలి. 1967 నాటి ఆ సగటులో లెక్క తప్పిందని మన్రో కుమారుడు గుర్తించారు. 2014లో అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ దానిని సవరించి 184.087 మైళ్లుగా నమోదు చేసింది. అది కిలోమీటర్లలో 296కు పైమాటే.