ఉగ్గుగిన్నె

ఈ వారం ప్రబంధకవుల జోలికి వెళ్లడం లేదు. రేపల్లెనుంచి ఒక తల్లి వ్రాసిన ఉత్తరం ఎనిమిది రోజులుగా నా బల్లమీద ఉన్నది. దానికి జవాబు చెప్పకుండా ఇంకేది వ్రాయబోయినా కలం సాగడం లేదు.

"మా అమ్మాయి మీ దగ్గర బి.ఏ. చదువుతున్నది" అని మొదలుపెట్టారావిడ. "మీరు పూటకు గుప్పెడు మెతుకులు తిని, తెల్లవారుజామున నడిచి, ముప్పయి కిలోలు తగ్గారట. అదీ ఆ గుప్పెడు మెతుకులే తింటున్నది. మొన్న శనివారం హాస్టలునుంచి ఇంటికి వస్తూ, తెనాలి జంక్షనులో బండి మారేచోట కళ్లు తిరిగి పడిపోయింది. ఎవరో పుణ్యాత్ములు సోడా తాగించి రేపల్లె బండి ఎక్కించారు. మీరు ఏమి తింటారో, ఎట్లా తగ్గారో కాస్త విడమరిచి చెబితే దాని బుర్రకెక్కుతుంది."

అమ్మా, మీ అమ్మాయి తప్పేమీ లేదు. తప్పు నాది. నేను తగ్గింది నడకవల్ల కాదు. ఆపరేషను చేయించుకున్నాను. కాలేజీలో మాత్రం గాల్ బ్లాడరు తీయించుకున్నానని చెప్పాను. ఆ తర్వాత ఎవరైనా "ఎట్లా తగ్గారు మేడమ్?" అంటే, "ఏముంది, నడక, మితాహారం" అని చిరునవ్వు నవ్వాను. ఆ చిరునవ్వు ఖరీదు మీ అమ్మాయి చెల్లించింది.

కనుక మొదటినుంచీ చెబుతాను.

నా ఎత్తు 156 సెంటీమీటర్లు. 2023 చివరికి నా బరువు 104 కిలోలు. తొమ్మిదేళ్లుగా చక్కెర జబ్బు. మోకాళ్ల సంగతి తెనాలి స్టేషను వంతెన మెట్లకే తెలుసు. బాపట్ల బండికోసం ఆ మెట్లెక్కుతూ సగంలో ఆగి, సంచిలో ఫోను వెతుకుతున్నట్లు నటించేదాన్ని. నిజానికి ఊపిరి వెతుక్కుంటూ ఉండేదాన్ని. క్లాసులో కూర్చునే పాఠం చెప్పేదాన్ని.

"తిండి తగ్గించుకోరాదూ?" అని ఎంతమంది అనలేదు! తగ్గించాను. జొన్నరొట్టెలు తిన్నాను, రాత్రిభోజనం మానాను, మెంతులు నమిలాను. పది కిలోలు తగ్గేవి, పన్నెండు పెరిగేవి. నేను నోరు కట్టుకోలేని మనిషిననే అనుకునేదాన్ని. బరువు తగ్గగానే శరీరం దాన్ని కరువుగా భావించి ఆకలిని పెంచుతుందనీ, ఖర్చును తగ్గిస్తుందనీ డాక్టరుగారు చెప్పేవరకు నాకు తెలియదు. మన ప్రాంతంలో తిండికి కరువేమిటి? 1986లో బాపట్లనుంచి వెలువడిన బి.పి.టి. 5204, అంటే మన సాంబమసూరి, మల్లెపూవులాంటి అన్నం. రేపల్లెలో మా అమ్మ వడ్డిస్తే మారు వద్దనే ధైర్యం నాకు ఏనాడూ లేదు.

ఆపరేషను మాట మొదట ఎత్తింది చక్కెరకు మందిచ్చే డాక్టరుగారే. కిలోల్లోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగించమన్నారు. నాకు దాదాపు 43 వచ్చింది. మనవాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. చక్కెరలాంటి జబ్బులుంటే 32.5 దాటాక, ఏ జబ్బూ లేకపోయినా 37.5 దాటాక, ఇతర మార్గాలన్నీ విఫలమైతే ఆపరేషను ఆలోచించవచ్చునని మన దేశపు సర్జన్ల లెక్క. బీమా కంపెనీల లెక్క ఇంకా బిగువు: 40 ఉండాలి, లేదా తీవ్రమైన జబ్బులతో 35 ఉండాలి.

అమ్మతో చెప్పాను. "నా చేతి ముద్దలు తిని పెరిగిన పొట్టనే కోయించుకుంటావుటే?" అన్నది. తర్వాత, "ఆ సినిమా అమ్మాయి ఏమయిందో తెలుసుగా?" అన్నది. ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో చనిపోయింది. అంతకు కొద్ది వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నదని పత్రికలు వ్రాశాయి. ఆమె మరణానికి అదే కారణమని నేననను. కానీ ఆ రెండూ వేరని అమ్మకు చెప్పవలసి వచ్చింది. లైపోసక్షన్ అంటే చర్మం క్రింది కొవ్వును గొట్టంతో పీల్చి ఆకారాన్ని దిద్దడం. అది జబ్బులకు చికిత్స కాదు. నాకు చెప్పింది ఉదరకోశాన్ని, పేగును మార్చే ఆపరేషను.

అది నిన్న మొన్న పుట్టిందీ కాదు. అల్సరుకోసం ఉదరకోశంలో కొంత తీసివేసిన రోగులు బరువు తగ్గడం గమనించి, అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలోని ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను 1966లో దీనికి నాంది పలికాడు. ఇప్పుడు రెండు పద్ధతులు ముఖ్యం. ఒకటి స్లీవు: ఉదరకోశంలో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసివేసి, అరటికాయలాంటి గొట్టాన్ని మిగులుస్తారు. తీసింది మళ్లీ రాదు. రెండవది బైపాసు: పైభాగాన కోడిగుడ్డంత సంచీ చేసి, దాన్ని చిన్నపేగు క్రిందిభాగానికి అతుకుతారు. ఆకలి పుట్టించే రసాయనాల తీరు రెంటిలోనూ మారుతుంది. చక్కెర పాతది కనుక నాకు బైపాసు మేలన్నారు.

"ప్రమాదం?" అన్నాను. సర్జనుగారు దాచలేదు. అతుకు కారవచ్చు, రక్తస్రావం కావచ్చు, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవచ్చు. వెయ్యిమందిలో ఒకరో ఇద్దరో చనిపోవచ్చు. "మానేస్తే?" అన్నాను. "దాని లెక్క కూడా ఉన్నదమ్మా" అన్నారు. స్వీడన్‌లో నాలుగువేలమందికి పైగా స్థూలకాయులను సగటున పదేళ్లకు పైగా గమనించారట. ఆపరేషను చేయించుకున్నవారిలో మరణాలు తక్కువని 2007లో ప్రకటించారు.

అయినా నా మనస్సు ఊగిసలాడుతూనే ఉన్నది. ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే మావారు మంచంమీద కూర్చుని నన్నే చూస్తున్నారు. "ఏమిటండీ?" అన్నాను. "ఏమీ లేదు, పడుకో" అన్నారు. గట్టిగా అడిగితే చెప్పారు: నిద్రలో నా ఊపిరి ఆగిపోతున్నదట. మళ్లీ ఎప్పుడు వస్తుందా అని లెక్కపెడుతూ కూర్చుంటున్నారట, ఏడాదిగా! మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి ఫోను చేశాను.

పరీక్షలు చాలా చేశారు. మనస్తత్వ నిపుణురాలు కూడా గంటసేపు మాట్లాడారు. ఆపరేషనుకు ముందు రెండు వారాలు దాదాపు ద్రవాహారమే. ఉబ్బిన కాలేయం తగ్గి, సర్జనుకు దారి ఇవ్వాలట. 2024లో సంక్రాంతి వెళ్లిన వారం, విజయవాడలో పని పూర్తయింది. పొట్టమీద అయిదు చిన్న చిల్లులు, అంతే. సాయంత్రానికే లేపి నడిపించారు. నొప్పికి కళ్లనీళ్లు తిరిగాయి. "గడ్డ కట్టకుండా ఉండాలంటే నడవాలమ్మా" అని నర్సు చెయ్యి వదలలేదు. మూడోనాడు ఇంటికి పంపారు.

అసలు పరీక్ష అప్పుడు మొదలయింది. గుక్కకు ముప్పయి మిల్లీలీటర్లు మించకూడదు. గటగటా మంచినీళ్లు తాగడమనే సుఖం పోయింది. అమ్మ రేపల్లెనుంచి వచ్చి నా వాలకం చూసి ఏమీ అనలేదు. మర్నాడు సంచీలోనుంచి ఒక వెండి ఉగ్గుగిన్నె తీసింది. నాకు ఉగ్గు పోసిన గిన్నే. దానిలో పప్పుకట్టు వంచి నా చేతికిచ్చింది. నలభైనాలుగేళ్ల లెక్చరరుకు ఉగ్గుగిన్నె! ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆవిడ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

రెండు వారాలు పప్పుకట్టు, పలచని మజ్జిగ, పొడి కలిపిన పాలు. తర్వాత రెండు వారాలు మెత్తగా చిదిమినవి. రెండు నెలలకు మామూలు భోజనం, నాలుగు ముద్దలు. ముందు గుడ్డో పప్పో పెరుగో తినాలి. రోజుకు అరవై గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు కావాలి. అన్నం తర్వాతే, అదీ చోటుంటే. భోజనంతోపాటు నీళ్లు తాగరాదు, అరగంట ఆగాలి. బి-12, ఇనుము, కాల్షియం, డి విటమిను మాత్రలు బ్రతికినన్నాళ్లూ మింగాలి. ఏటేటా రక్తపరీక్ష. తలనొప్పికీ కీళ్లనొప్పికీ అందరూ వేసుకునే కొన్ని మాత్రలు నాకు నిషిద్ధం, పుండు పడుతుంది.

నాలుగో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది. ఏడాది తిరిగేసరికి మళ్లీ వచ్చింది. అయిదో నెలలో ఒకనాడు బుద్ధి గడ్డితిని, తెనాలి బెల్లం జిలేబి ఒక చుట్ట నోట్లో వేసుకున్నాను. పావుగంటలో చెమటలు, గుండెదడ, కడుపులో మెలి. తీపి సరాసరి పేగులోకి దిగితే అంతేనట. పెళ్లి విస్తళ్లముందు కూర్చోవడం మరో శిక్ష. "ఏమండీ, మా వంట నచ్చలేదా?" అనేవారికి ఏమని చెప్పను?

పద్దెనిమిది నెలలకు 72 కిలోలకు వచ్చాను. చక్కెర మాత్రలు మొదటి నెలలోనే ఆగాయి. మళ్లీ రాదని హామీ లేదు. బరువు కూడా కొంత తిరిగి రావచ్చునన్నారు. మావారు రాత్రిళ్లు నిద్రపోతున్నారు. 2025నుంచి మన దేశంలో వారానికొకసారి వేసుకునే కొత్త ఇంజెక్షన్లు దొరుకుతున్నాయి. ఇప్పుడైతే నాకూ ముందు అవే చెప్పేవారేమో! కానీ మానేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది.

మరి అబద్ధమెందుకాడాను? లావుగా ఉన్నన్నాళ్లూ "నోరు కట్టుకోలేదు" అన్నారు. ఆపరేషనంటే "నోరు కట్టుకోలేక కోయించుకుంది" అంటారని భయం. కాలు విరిగితే కట్టు కట్టించుకున్నానని చెప్పడానికి సిగ్గుపడతామా? దీనికి పడ్డాను. పైగా ఆ మెప్పు తియ్యగా ఉన్నది. జిలేబికి శిక్ష వెంటనే పడింది, దీనికి పడలేదు.

సోమవారం క్లాసులో పాఠం పక్కనపెట్టి నిజం చెప్పేశాను. ఈసారి నిలబడే చెప్పాను. వెనుక బెంచీ పిల్ల ఒకతె, "గాల్ బ్లాడరు తీస్తే ముప్పయి కిలోలు తగ్గరని మాకు అప్పుడే అనుమానం వచ్చింది మేడమ్" అన్నది. అందరూ నవ్వారు. మొదటి వరుసలో మీ అమ్మాయి మాత్రం నవ్వలేదు. నన్ను నమ్మింది అదొక్కతే కాబోలు.

క్లాసయ్యాక పిలిచి లెక్క కట్టించాను. బరువు 58, ఎత్తు 160. ఇరవైమూడుకు లోపే వచ్చింది. "నీకు తగ్గించవలసినది ఏమీ లేదే" అన్నాను. తలవంచుకుని, "ఆకలేస్తోంది మేడమ్" అన్నది. నా డబ్బాలో రెండు గుడ్లు, కాస్త పెరుగన్నం ఉన్నాయి. నాకు కావలసింది ఒక గుడ్డే. తక్కినదంతా దానికి పెట్టాను.

శనివారం ఇంటికి వస్తుంది. కడుపునిండా పెట్టండి, అమ్మా. నా ఉగ్గుగిన్నె భోజనం నా జబ్బుకు మందు. మీ అమ్మాయికి ఆ జబ్బు లేదు.