చలి ఎవరికి అలవాటు?

అశోక్‌నగర్‌లో మా మేడమీద గదిలో ఇద్దరు ఆదిలాబాద్ అమ్మాయిలు అద్దెకుంటూ గ్రూప్స్‌కి చదువుతున్నారు. పొద్దున్నే చన్నీళ్లు పోసుకుని చిక్కడపల్లి లైబ్రరీకి పరుగెడతారు. గీజర్ పెట్టించమంటే, "మీ వైపు 5 డిగ్రీలకి పడిపోతుందిగా, మీకిదో చలా?" అనేశాను.

"మా దిక్కు చలి ఎక్కువనే ఆంటీ. గానీ పొద్దుగాల అమ్మ పొయ్యి మీద నీళ్లు కాగవెడ్తది" అందొకమ్మాయి.

నా నోట మాట రాలేదు. ముందురోజే నారాయణగూడలో మా అబ్బాయికి రెండో స్వెట్టర్ కొన్నాను మరి!

చలి పేపర్లో వేసే డిగ్రీల్లో లేదండీ. మనకంటే ముందు లేచి నీళ్లు కాచేవాళ్లు ఇంట్లో ఉన్నారా లేరా, అందులో ఉంది. కరెంటు బిల్లు చూసుకోవాల్సిందే, కాదనను. కానీ ఈ రెండు నెలలూ రెండు బకెట్ల వేడినీళ్లు బరువా? మీ మేడమీద పిల్లల్నీ ఓసారి అడగండి.