మేం ఎక్కడికీ పోం

దీపావళి సెలవులకు ఇంట్లోనే ఉంటున్నామని నాందేడ్‌లో ఎవరితోనైనా అని చూడండి. ఎదుటివాడి మొహంలో జాలి పొంగుతుంది. "ఏం, టికెట్లు దొరకలేదా?" అంటాడు. దొరికాయంటే, డబ్బుకు ఇబ్బందా అని అడగలేక నీళ్ళు నములుతాడు. గతిలేక తప్ప మనిషి తన ఇంట్లో తాను ఉండడని ఈ ఊరు తీర్మానించేసింది. మీ జాలి మీరే ఉంచుకోండి. టికెట్లూ ఉన్నాయి, డబ్బూ ఉంది. పోం, అంతే.

రిజర్వేషన్ గడువును రైల్వే 2024 నవంబరులో 120 రోజుల నుంచి 60కి కుదించింది. దాంతో వినాయక చవితి హారతి పళ్ళెం ఒక చేతిలో, దీపావళి టికెట్ల ఫోను ఇంకో చేతిలో. దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ లిస్టు, తత్కాల్‌లో నిరాశ, చివరికి ప్రైవేటు ట్రావెల్స్. ప్రభుత్వ ఎస్టీ బస్సు చార్జీకి ఒకటిన్నర రెట్లు మించి గుంజకూడదని 2018లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పండగ ముందు రోజు పుణే బస్సు మెట్ల దగ్గర నిలబడి ఆ ఉత్తర్వు చదివి వినిపించండి, ఏం జరుగుతుందో చూద్దాం. ఈ తంటాలు పడలేక కారెక్కి మహాబలేశ్వర్ చేరిన పిల్లాడు చూసేదేమిటి? ముందు కారు నంబరు ప్లేటు, పార్కింగు కోసం గొడవపడే నాన్న, హోటల్ గదిలో టీవీ. ఆ టీవీ ఇంట్లోనూ ఉంది.

"నాందేడ్‌లో చూడ్డానికి ఏముందండీ?" అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అమృత్‌సర్ నుంచి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో రెండు వేల కిలోమీటర్లు దాటుకుని జనం వస్తున్నది ఏ ఊరికి? 1708లో గురు గోవింద్ సింగ్ కన్నుమూసింది ఇక్కడే. ఇకపై గ్రంథమే గురువని ఆయన చెప్పిందీ ఇక్కడే. మహారాజా రంజిత్ సింగ్ 1832, 1837 మధ్య ఇప్పటి హజూర్ సాహిబ్ గురుద్వారాను కట్టించాడు. సరిగ్గా దీపావళికే అక్కడ తఖ్త్ స్నానం జరుగుతుంది. గోదావరి నీళ్ళు బిందెలతో మోసుకొచ్చి గర్భగుడి కడుగుతారు, పాత ఆయుధాలు బయటికి తీసి శుభ్రం చేస్తారు. పంజాబు పిల్లలు దానికి కళ్ళు విప్పార్చుకుని నిలబడి ఉంటే, మన పిల్లలు ఖండాలా ఘాటులో కారు కదిలేదెప్పుడా అని చూస్తుంటారు.

ఇంకొక్కటి. మహారాష్ట్ర పిల్లలకు దీపావళి అంటే టపాసులు మాత్రమే కాదు, 'కిల్లా' కూడా. వాకిట్లో రాళ్ళు పేర్చి, గోనెపట్టా కప్పి, ఎర్రమట్టి మెత్తి కోట కడతారు. మెట్లు చెక్కుతారు, ఆవాలు చల్లి పచ్చిక మొలిపిస్తారు, శిఖరాన శివాజీ బొమ్మ నిలబెడతారు. బుర్జు కూలుతుంది, మళ్ళీ కడతారు. ఎవరి కోట ఎత్తని గల్లీలో పోట్లాట. తెలుగింటి పిల్లలూ ఇందులో దిగి మోచేతుల దాకా బురద చేసుకునేవాళ్ళే. దీనికి కావలసింది రోజుల కొద్దీ తీరిక. ఆవాలు మొలకెత్తేదాకా ఊళ్ళో ఉండాలి కదా! 2025లో యునెస్కో మరాఠా కోటలకు ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇవ్వగానే, అక్కడ సెల్ఫీ దిగి రావడం కొత్త ఫ్యాషనైంది. కట్టడం మానేసి చూడ్డానికి పోతున్నాం.

అసలు కోపం వేరే ఉంది, చెప్పేస్తాను. 1956 దాకా నాందేడూ నిజామాబాదూ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. గీత గీశాక తెలుగువాళ్ళం మనం ఇటువైపు మిగిలాం. 2020 చట్టంతో ఇక్కడ ప్రతి బడిలోనూ మరాఠీ తప్పనిసరి అయింది. ఉండాల్సిందే, ఈ నేల భాష అది. తెలుగుకు మాత్రం చాలా బడుల్లో పీరియడే లేదు. మరి ఎప్పుడు నేర్పిస్తాం? సెలవుల్లోనే. అందరూ పిల్లల్ని బాసర తీసుకెళ్ళి, సరస్వతమ్మ ముందు కూర్చోబెట్టి, పలక మీద బియ్యంలో ఓనమాలు దిద్దించి ఫొటోలు దిగుతారు. ఆ తర్వాత ఆ అక్షరాల ఊసెత్తిన ఇల్లెన్ని? నాయనమ్మకు కథలు వచ్చు, మనవడికి తెలుగు సగమే అర్థమవుతుంది. ఇద్దరూ ఒక చాప మీద పది మధ్యాహ్నాలు కూర్చుంటే తీరే కరువు ఇది. మనం మాత్రం ఆవిడను ఇంటికి కాపలా పెట్టి, తాళంచెవి చేతికిచ్చి గోవా పోతాం.

ఇంట్లో ఉందాం అనగానే చొక్కా విప్పి సోఫాలో కూలబడే మగవాళ్ళకు కూడా ఒక మాట. చక్లీ, చివడా, అరిసెలు, గారెలు వరసగా ఆర్డర్ వేసే సెలవు ఇంటామెకు సెలవు కాదు. ఆవిడ ఊరెళదామని ఎందుకు పట్టుబడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? హోటల్లో గిన్నెలు తోమక్కర్లేదు కాబట్టి. ముందు ఆ గిన్నెలు మీరు తోమండి, తర్వాత ప్రయాణాల మీద ఉపన్యాసం ఇద్దురుగాని.

ప్రయాణం పిల్లల కళ్ళు తెరిపిస్తుందంటారు. మన మరాఠ్వాడా పిల్లలకే చెప్పండి ఆ మాట! దీపావళి వెళ్ళగానే ముకాదం (కూలీల మేస్త్రీ) దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్న కుటుంబాలు చెరకు కొట్టడానికి కొల్హాపూర్, సాంగ్లీ, కర్ణాటక ఫ్యాక్టరీల దాకా పోతాయి. మొగుడూ పెళ్ళాలిద్దర్నీ కలిపి ఒక్క 'కోయతా' (కొడవలి) కింద లెక్కగడతారు. వెంట వెళ్ళే పిల్లలకు లెక్కే లేదు. వాళ్ళు ఊళ్ళోనే ఉండి చదువుకోవాలని ప్రభుత్వం హంగామీ (సీజను) వసతిగృహాలు నడపాల్సి వస్తోంది. సొంత ఊళ్ళో, సొంత ఇంట్లో చలికాలం గడపడం ఆ పిల్లలకు దొరకని భోగం.

బడి తెరిచిన రోజున టీచరమ్మ బోర్డు మీద "సెలవుల్లో నేను చూసిన ఊరు" అని వ్యాసం ఇస్తుంది. అమ్మా, మీ ముందు బెంచీల్లో గోవా వెళ్ళొచ్చినవాళ్ళు కొందరుంటారు. ఎక్కడికీ పోనందుకు తలదించుకుని, పోయినట్టు అబద్ధం అల్లుతున్న వాళ్ళు కొందరుంటారు. రేపో మాపో ట్రాక్టరెక్కి చెరకు తోటకు పోబోయేవాడు ఒకడుండొచ్చు. వాడు ఏం రాయాలో మీరే చెప్పండి.