ఒకోంక్వోకు ఐదు మార్కులు

చినువా అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ ఎక్కడ ఆగుతుందో ఇంగ్లిష్ ఎమ్మే చేసినవాళ్లందరికీ తెలిసే ఉండాలి. ఒకోంక్వో చెట్టుకు వేలాడుతుంటాడు. ఉరేసుకున్నవాడి శవాన్ని సొంతవాళ్లు ముట్టుకోకూడదని ఆ ఊరి కట్టుబాటు. జిల్లా కమిషనర్‌గా ఉన్న తెల్లదొర శవాన్ని దించమని తన మనుషులకు పురమాయించి వెనుదిరుగుతాడు. దారిలో తాను రాయబోయే పుస్తకం గుర్తొస్తుంది. ఈ మనిషి మీద ఒక అధ్యాయమే రాయొచ్చనుకుంటాడు. మళ్లీ, అంతెందుకు, ఓ మోస్తరు పేరా చాల్లే అని సర్దుకుంటాడు. అప్పటిదాకా ఒకోంక్వో కోపాన్నీ, తండ్రిని తలుచుకుని పడే సిగ్గునీ, తనను నాన్నా అని పిలిచిన పిల్లాణ్ని నరికిన చేతినీ, కూతురి కోసం చీకట్లో గుహదాకా నడిచిన నడకనీ చూసిన పాఠకుడికి ఆ ‘పేరా’ చెంప ఛెళ్లుమనిపిస్తుంది.

ఇక మన ప్రశ్నపత్రం తెరవండి. సెక్షన్ ఎ. ఐదు మార్కులు. ఒకోంక్వో పాత్ర మీద లఘుటీక రాయుము.

గైడులో జవాబు ఉంది. ఒక పేరా.

1958లో ఒక ఇరవై ఏడేళ్ల నైజీరియన్ ఏ పని చూసి రగిలిపోయి నవల తెచ్చాడో, సరిగ్గా ఆ పని మన పిల్లల చేత చేయిస్తున్నాం. చేయించి మార్కులు వేస్తున్నాం. బాగా చేసినవాళ్లకి గోల్డ్ మెడల్ ఇస్తున్నాం. బహుళ సంస్కృతుల సాహిత్యం, పోస్ట్‌కలోనియల్ సాహిత్యం, న్యూ లిటరేచర్స్, ఏ పేరైనా పెట్టుకోండి, ఆ పేపర్ పేరుతో మన ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్లు కమిషనర్లను తయారు చేస్తున్నాయని నా ఆరోపణ. సిలబస్‌లో పుస్తకాలు మారాయి. ఆఫ్రికా వచ్చింది, కరీబియన్ దీవులు వచ్చాయి, టోనీ మారిసన్ వచ్చింది, ఈమధ్య దళిత సాహిత్యమూ ఒక యూనిట్‌గా వచ్చి కూర్చుంది. కానీ వీటన్నిటి ముందు విద్యార్థి కూర్చునే కుర్చీ మారలేదు. అది దొర కుర్చీ. అందులో కూర్చున్నవాడు తన గురించి ఒక్క ముక్క చెప్పనక్కర్లేదు. ఎదుటివాళ్ల ఆచారాలు, ఎదుటివాళ్ల బాధలు, ఎదుటివాళ్ల ప్రతిఘటన జాబితా రాస్తే చాలు.

ఆ కుర్చీ ఎక్కడి నుంచి వచ్చిందో పెద్ద రహస్యమేమీ కాదు. ఇంగ్లిష్ సాహిత్యం ఒక పాఠ్యవిషయంగా ఇంగ్లండ్‌లో కుదురుకోకముందే మన దేశంలో మొదలైందని గౌరీ విశ్వనాథన్ 1989లోనే ‘మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్’లో తవ్వి చూపించారు. పాలించడానికి పనికొచ్చే మనుషుల్ని తయారు చేయడానికి పుట్టిన చదువు అది. 1835 నాటి మెకాలే మినిట్‌ని మన ఎమ్మేల్లో ఓ ప్రశ్నగా కూడా ఇస్తారు. దాన్ని బట్టీపట్టి, మెకాలేని తిట్టి, మెకాలే కోరుకున్న పద్ధతిలోనే జవాబు రాసి పాసవుతాం.

నైరోబీలో 1968లో కెన్యా రచయిత గూగీ వా థియోంగో, తబన్ లో లియోంగ్, హెన్రీ ఒవూర్ అన్యుంబా ముగ్గురూ కలిసి అసలు ఇంగ్లిష్ డిపార్ట్‌మెంటునే రద్దు చేయండని పత్రం రాశారు. షేక్‌స్పియర్ పక్కన రెండు ఆఫ్రికన్ నవలలు చేర్చండి మహాప్రభో అని అర్జీ పెట్టుకోలేదు. మేం ఇక్కడ నిలబడి ప్రపంచాన్ని చూస్తాం, ఆఫ్రికా మధ్యలో ఉంటుంది, ఇంగ్లండ్ దాని చుట్టూ ఉన్న వాటిలో ఒకటవుతుంది అన్నారు. సాధించారు కూడా. అక్కడ సాహిత్య శాఖ ఏర్పడింది. మనవాళ్లు గూగీని చదివారు. చదివి ఏం చేశారు? గూగీని నాలుగో యూనిట్‌లో పెట్టారు.

1988లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ‘వెస్టర్న్ కల్చర్’ అనే తప్పనిసరి కోర్సును పక్కనపెట్టి దాని చోట విస్తృతమైన మరో కోర్సు తెచ్చినప్పుడు అమెరికా పత్రికలు నాగరికత కూలిపోయినట్టే గగ్గోలు పెట్టాయి. నాకు ఆ గగ్గోలు మీద ఒక రకమైన అసూయ. ఏ పుస్తకం చదవాలన్న దాని మీద ఒక దేశం అంతలా కొట్టుకుందంటే చదువు ఇంకా బతికే ఉందన్నమాట. మన బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో సిలబస్ మారితే సమోసాలు తిని సంతకాలు పెట్టి లేస్తారు.

మనకూ ఒకసారి గగ్గోలు వచ్చింది, ఢిల్లీలో. 2021 ఆగస్టులో ఢిల్లీ యూనివర్సిటీ ఇంగ్లిష్ ఆనర్స్ ఐదో సెమిస్టర్ పేపర్ నుంచి మహాశ్వేతాదేవి కథ ‘ద్రౌపది’ని, తమిళ దళిత రచయిత్రులు బామ, సుకీర్తరాణిల రచనలనీ తీసేశారు. అకడమిక్ కౌన్సిల్‌లో 15 మంది సభ్యులు అసమ్మతి రాసిచ్చినా మెజారిటీ తలూపింది. మంచి రచయిత్రులు, గొప్ప రచనలు, ఎలా తీసేస్తారని దేశమంతా వ్యాసాలు వచ్చాయి. అన్నీ న్యాయమైనవే. కానీ నాకు అప్పుడూ ఇప్పుడూ ఒకటే అనిపిస్తుంది. ఆ కథ పదునేమిటో దాన్ని ఏళ్ల తరబడి ‘థీమ్స్’ కింద చెప్పుకొచ్చిన క్లాసుల కన్నా తీసేసినవాళ్లకే బాగా అర్థమైంది. వాళ్లు భయపడ్డారు. కథ కోరుకున్నది కూడా అదే.

ఆ కథలో సేనానాయక్ అని ఒక అధికారి ఉంటాడు. మొరటువాడు కాదు. చదువుకున్నవాడు, పుస్తకాల మనిషి. శత్రువుని పట్టుకోవాలంటే శత్రువు మనసులోకి దూరాలని నమ్మినవాడు. సంతాల్ స్త్రీ దోప్ది మెఝెన్‌ను పట్టుకుని, చేయాల్సింది చేయండని జవాన్లకు వదిలేసి భోజనానికి పోతాడు. తెల్లారాక ఆమె తనకిచ్చిన బట్టను చించేసి, నెత్తుటి ఒంటితో వచ్చి అతని ఎదుట నిలబడుతుంది. ఆయుధం లేని మనిషి ముందు సేనానాయక్ మొదటిసారి వణుకుతాడు. గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1981లో ఈ కథను ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు ముందుమాటలో మొహమాటం లేకుండా చెప్పారు, మూడో ప్రపంచాన్ని అర్థం చేసుకుందామని బయల్దేరే పాశ్చాత్య పండితుడికి దగ్గరి పోలిక ఈ సేనానాయకే అని. పండితుడి దాకా ఎందుకు? అడవినీ ఆదివాసీనీ రిఫరెన్స్ పుస్తకాల్లో చదివి, ‘సబాల్టర్న్ రెసిస్టెన్స్ ఇన్ ద్రౌపది’ అని పేపర్ రాసి, ఐఎస్‌బిఎన్ ఉన్న సెమినార్ సంపుటిలో డబ్బు కట్టి అచ్చేయించుకుని, ప్రమోషన్ ఫైలులో పెట్టుకునే మనం ఎవరం? ఆ పేపర్ రాసినవాళ్లలో ఎంతమంది తమ క్లాసులో మూడో బెంచీలో కూర్చున్న కోయ పిల్లని, లంబాడా పిల్లాణ్ని ఒక్క ప్రశ్న అడిగారు?

నాకు అన్నిటికన్నా మంట పుట్టించేది ముల్క్‌రాజ్ ఆనంద్ ‘అన్‌టచబుల్’ జవాబు పత్రాలు. 1935 నవల. డిగ్రీ నుంచి పీజీ దాకా ఎక్కడో ఒకచోట తగులుతుంది. బజార్లో నడుస్తూ పొరపాటున ఒక పై కులం మనిషికి తగిలినందుకు కథానాయకుడు బఖా చెంపదెబ్బ తింటాడు. స్పాట్ వాల్యుయేషన్‌లో పేపర్లు దిద్దినవాళ్లకి ఈ ఘట్టం మీద జవాబులు ఎలా ఉంటాయో తెలుసు. బండిల్ మొత్తం ఒకటే వాక్యాలు, ఒకే గైడు. అందులో మాదిగవాడ నుంచి వచ్చిన పిల్లలూ ఉంటారు, మాలపల్లె పిల్లలూ ఉంటారు, చెయ్యి ఎత్తిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. అందరూ ‘వాళ్లు’ అనే రాస్తారు. వాళ్లను గుడిలోకి రానిచ్చేవారు కాదు, వాళ్లు నీళ్ల కోసం బావి దగ్గర పడిగాపులు పడేవారు. తన తాత గురించి ‘వాళ్లు’ అని రాసే విద్యను మనం మూడేళ్లు కష్టపడి నేర్పాం. అదే బెంచీలో ఇంకో పిల్లవాడు, నవలలో తన తాత ఎవరో తెలుసుకునే అవసరమే రాకుండా, అన్ని సంస్కృతులనీ గౌరవించాలి అని ముగించి పదిహేనుకి పన్నెండు తెచ్చుకుంటాడు. మొదటివాడికి నోరు మూశాం. రెండోవాడికి ఒళ్లు దాచుకునే చోటు ఇచ్చాం. ఇద్దరికీ ఒకే పేపర్‌తో.

‘పిల్లలకి ఇంగ్లిష్ రాదండీ, రెండు వాక్యాలు సొంతంగా రాయలేరు, మీరేమో సొంత అభిప్రాయాలంటారు.’ స్టాఫ్ రూములో ఈ మాట వందసార్లు వినిపిస్తుంది. సరే. వాడికి ఇంగ్లిష్ రాదు. బఖాకి ఏమైందో మాత్రం మీకన్నా నాకన్నా వాడికి బాగా తెలిసుండొచ్చు. ఆ తెలిసిందాన్ని విరిగిన ఇంగ్లిష్‌లో రాస్తాడు, మధ్యలో తెలుగు కలుపుతాడు, వ్యాకరణం తప్పుతాడు. తప్పనివ్వండి. కాపీ కొట్టిన పేరాలో తప్పు ఉండదు, మనిషీ ఉండడు. వాడి తప్పుల్లోంచే భాష నేర్పడం మొదలుపెట్టొచ్చు. గైడు వాక్యం నుంచి ఏ భాషా రాదు. ఇప్పుడు ఫోనులో అడిగితే గైడు కన్నా నున్నగా రాసిచ్చే యంత్రాలూ వచ్చాయి కాబట్టి అసైన్‌మెంట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరి అనుభవంతోనూ పని లేని ప్రశ్నకి ఎవరూ రాయని జవాబు వస్తోంది. లెక్క సరిపోయింది.

మరీ అన్యాయంగా మాట్లాడుతున్నాననకండి. హైదరాబాద్ ఇంగ్లిష్ శాఖల్లో పనిచేసినవాళ్లే గొప్ప పనులు చేశారు. సూసీ తారూ కె. లలితతో కలిసి ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ రెండు సంపుటాలు తెచ్చారు. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ను అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ ఇంగ్లిష్‌లోకి అనువదించారు. గోగు శ్యామల కథలు ఇంగ్లిష్ పాఠకుల దగ్గరికి వెళ్లాయి. 2016లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ తెలుగు దళిత రచనల సంకలనమే వేసింది. పుస్తకాల కొరత లేదు. నా పోట్లాటంతా ఆ పుస్తకాలను మింగి త్రేన్చి ఐదు మార్కుల ప్రశ్నగా బయటకు కక్కే పరీక్షతో. ‘అంటరాని వసంతం’ సిలబస్‌లోకి వచ్చినా దాని మీద ‘రూతు పాత్ర చిత్రణ’ అని అడిగితే, ఆ నవలను చేర్చకపోయినా పోయేదేమీ లేదు.

అమెరికా వెళ్లిన మన పిల్లలు దీని రెండో అంకం ఆడుతున్నారు. అక్కడ చాలా యూనివర్సిటీల్లో డిగ్రీ పూర్తి కావాలంటే భిన్న సంస్కృతుల మీద ఒక కోర్సు చేయాలి. ఇంగ్లిష్ క్లాసులో ప్రొఫెసర్ ఎంతో ప్రేమగా, నీ సంస్కృతి గురించి వ్యాసం రాయమంటారు. మనవాడు రాస్తాడు. లంచ్‌బాక్సులో పులిహోర చూసి తెల్లపిల్లలు ముక్కు మూసుకున్న సంగతి, అమ్మమ్మ ఊరు, దీపావళి, ఝుంపా లాహిరి నవలలో తనను తాను చూసుకున్న సంగతి. ఎ గ్రేడ్ వస్తుంది. ఆ వ్యాసంలో మచ్చుకైనా కులం ఉండదు. అమెరికాలో తను గోధుమరంగు బాధితుడు, ఊళ్లో తన ఇల్లు ఎవరిని బాధపెట్టిందో ప్రొఫెసర్‌కి తెలియదు, వీడు చెప్పడు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తన వివక్ష వ్యతిరేక విధానంలో కులాన్ని చేర్చినప్పుడు, మరుసటి ఏడు కుల వివక్ష బిల్లు ఆ రాష్ట్ర చట్టసభలు దాటి గవర్నర్ వీటోతో ఆగినప్పుడు, అడ్డం పడ్డవాళ్లలో మన ప్రవాస సంఘాలు ఎందుకున్నాయో ఆ వ్యాసాలు చదివితే తెలుస్తుంది. అక్కడి క్లాసు పిల్లవాడిని మాట్లాడమంది, సంతోషం. ఎదురు ప్రశ్న వేయడం మాత్రం మర్యాద కాదనుకుంది. సంస్కృతి అనగానే అడగకూడని వస్తువైపోయింది. మన దగ్గర మాట్లాడనివ్వరు, అక్కడ అడగరు. రెండు చోట్లా పుస్తకం ఎవరి ఒంటికీ తగలకుండా పక్కనుంచి పోతుంది.

కాబట్టి నేను సిలబస్‌లో ఇంకో పేరు చేర్చమని అడగడం లేదు. లఘుటీకను తీసేయమంటున్నాను. పాత్ర చిత్రణను తీసేయమంటున్నాను. పరీక్ష హాల్లోకి నవల తెచ్చుకోనివ్వమంటున్నాను. ప్రశ్న ఇలా ఉండాలంటున్నాను: ఈ నవలలో నీ ఇంటి మనుషులు ఎవరు, ఏ పుటలో ఉన్నారు? రచయిత ఎక్కడ నీకు అన్యాయం చేశాడు? కమిషనర్ రాయబోయిన ఆ పేరా నువ్వు రాసిచ్చి, అందులో అబద్ధం ఎక్కడుందో నువ్వే చూపించు. బఖాను కొట్టినవాడి కొడుకు ఆ రాత్రి ఇంట్లో ఏం విన్నాడో రాయి. తెలుగులో ఆలోచించి తెలుగు మాటలు కలిపి రాసినా మార్కు కొయ్యొద్దంటున్నాను. దీనికి అదనపు బడ్జెట్ అక్కర్లేదు, యూజీసీ అనుమతి అంతకన్నా అక్కర్లేదు. ఇంటర్నల్ మార్కులు లెక్చరర్ చేతిలోనే ఉన్నాయి, రేపు ఉదయం తొమ్మిదిన్నర క్లాసులో మొదలుపెట్టొచ్చు.

ఈ మాట ఏ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఎత్తినా మొదట లేచే చెయ్యి ఏమడుగుతుందో నాకు తెలుసు. ఇలాంటి ప్రశ్నలకి వాల్యుయేషన్ కీ ఎలా తయారు చేస్తామండీ అంటారు. తయారు చేయలేరు. ప్రతి పేపరూ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవాల్సి వస్తుంది.